ఫోన్‌లోని నెట్‌ను ల్యాప్‌టాప్‌కి, ట్యాబ్‌కి ఇవ్వడం ఎలా?

కరెంటు పోయిందంటే ఇంట్లో వైఫై రూటర్ కూడా ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇంకా రెండు మూడు గంటల ఛార్జింగ్ ఉంటుంది, చేతిలోని ఫోన్‌లో నెట్ ఉంటుంది. ఆ నెట్‌ను ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం నిమిషం పని. సంక్రాంతికి ఊరెళ్లి అక్కడి నుంచే ఆఫీసు పని చేసుకునేవాళ్లు, కొత్త ఇంట్లో కనెక్షన్ వచ్చేదాకా ఆగలేనివాళ్లు, సిమ్ పట్టని ట్యాబ్ కొన్నవాళ్లు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసేదే ఇది. అయితే కలపడం ఒక ఎత్తు, కలిపాక ఆ రోజు డేటా అంతా గంటలో ఖర్చయిపోకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. మొదటిది ఎవరిని అడిగినా చెబుతారు. రెండోది నేను నష్టపోయి నేర్చుకున్నాను.

రెండేళ్ల కిందట మా బాబాయి వాళ్ల అమ్మాయి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటోంది. ఆప్షన్లకి చివరి రోజు అది. ఊళ్లో ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ లేదు. "అన్నయ్యా, కాస్త హాట్‌స్పాట్ ఆన్ చెయ్యవా" అంది, చేశాను. నాది రోజుకు 2 జీబీ ప్లాన్. కాలేజీల కోడ్‌లు ముందే నోట్‌బుక్‌లో వరసగా రాసుకుంది, అవి చూసుకుంటూ ఒక్కోటీ ఎక్కిస్తోంది. నలభై నిమిషాలయ్యాయో లేదో పేజీ తెరుచుకోవడం మానేసింది. ఫోన్ చూస్తే రోజు డేటా మొత్తం అయిపోయిందని మెసేజ్. తను వాడింది పట్టుమని యాభై ఎంబీ కూడా ఉండదు. మిగిలినదంతా ల్యాప్‌టాప్ తెర వెనక అప్‌డేట్లు దింపుకోవడానికి, ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కించడానికి వాడేసింది. ఆ పిల్ల ముఖంలో టెన్షన్ చూసి నాకు చెమటలు పట్టాయి. అప్పటికప్పుడు డేటా ప్యాక్ వేసుకుని పని ముగించాం.

ఫోన్‌కి మొబైల్ డేటాతో పొదుపుగా ఉండడం తెలుసు. ల్యాప్‌టాప్‌కి తెలియదు. వైఫై గుర్తు కనిపిస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అనుకుని దొరికినంత లాగేస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ముందు ప్లాన్ సంగతి

హాట్‌స్పాట్ ద్వారా వాడిన ప్రతి ఎంబీ మీ ప్లాన్‌లోంచే పోతుంది. మన దగ్గర ఎక్కువమందికి రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ప్లాన్లే ఉంటాయి. అది దాటితే సాధారణంగా వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంలో ఒక్క ఎంబీ దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. అంటే వాట్సాప్‌లో మాటలు వెళ్తాయేమో గానీ ల్యాప్‌టాప్‌లో ఒక వెబ్ పేజీ తెరవడం దాదాపు జరగని పని. అర్ధరాత్రి దాటాక కొత్త రోజు డేటా వస్తుంది.

సుమారు లెక్క ఇలా ఉంటుంది. 480పీలో వీడియో చూస్తే గంటకు అర జీబీ పోతుంది. 1080పీలో చూస్తే దానికి మూడు నాలుగు రెట్లు. వీడియో మీటింగ్‌కి గంటకు అర జీబీ నుంచి ఒకటిన్నర జీబీ దాకా పడుతుంది. అదే మీటింగ్‌లో కెమెరాలు ఆపేసి మాటలు మాత్రమే వింటే వంద ఎంబీ లోపే. మెయిల్, దరఖాస్తులు నింపడం, డాక్యుమెంట్లు రాయడం లెక్కలోకే రావు. కాబట్టి 2 జీబీతో ఒక రోజు ఆఫీసు పని హాయిగా గడుస్తుంది, వెనక జరిగే దొంగ ఖర్చుని ఆపితే.

అపరిమిత 5జీ ఉన్న ప్లాన్ అయితే ఒక జాగ్రత్త. ఫోన్ పైన 5జీ అని కనిపించినంతసేపే అది అపరిమితం. సిగ్నల్ 4జీకి మారిన క్షణం నుంచి రోజు కోటా కరుగుతుంది. మీటింగ్ మధ్యలో ఆ మార్పు మీకు తెలియను కూడా తెలియదు.

వైఫై హాట్‌స్పాట్

అందరూ వాడే పద్ధతి ఇదే. ట్యాబ్‌లకి, ఒకేసారి రెండు మూడు పరికరాలకి ఇవ్వాలన్నా ఇదే సులువు.

1. ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్‌లో ఉందో లేదో చూడండి. రెండు సిమ్‌లు ఉంటే డేటా ఏ సిమ్ మీద నడుస్తోందో కూడా చూసుకోండి.

2. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్', అందులో 'హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్' తెరవండి. శాంసంగ్‌లో ఇది 'కనెక్షన్స్' కింద ఉంటుంది. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో 'పోర్టబుల్ హాట్‌స్పాట్' అని ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న వెతికే పెట్టెలో హాట్‌స్పాట్ అని కొట్టండి, ఏ కంపెనీ ఫోన్‌లోనైనా బయటపడుతుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోనే 'పర్సనల్ హాట్‌స్పాట్' ఉంటుంది, అందులో 'అలౌ అదర్స్ టు జాయిన్' ఆన్ చేయాలి.

3. ఆన్ చేసే ముందే పేరు, పాస్‌వర్డ్ మార్చండి. చాలా ఫోన్లలో మోడల్ పేరో, మీ సొంత పేరో హాట్‌స్పాట్ పేరుగా ఉంటుంది. బస్సులో, హాస్టల్లో అందరికీ మీ పేరు కనపడాల్సిన అవసరం లేదు. పాస్‌వర్డ్ కనీసం ఎనిమిది అక్షరాలుండాలి. ఫోన్ నంబరు, 12345678 లాంటివి వద్దు. సెక్యూరిటీ దగ్గర 'ఓపెన్' అని ఎప్పుడూ పెట్టకండి. మీ హాట్‌స్పాట్ మీద ఎవరు ఏం చేసినా, బయటికి కనిపించేది మీ సిమ్ కనెక్షనే.

4. ల్యాప్‌టాప్‌లో, ట్యాబ్‌లో వైఫై ఆన్ చేసి, జాబితాలో మీ హాట్‌స్పాట్ పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టండి. ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే ఫోన్‌లో చూపించే క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేస్తే సరిపోతుంది. ఐఫోన్, ఐప్యాడ్ ఒకే ఆపిల్ అకౌంట్‌తో ఉంటే పాస్‌వర్డ్ కూడా అడగదు.

జాబితాలో మీ హాట్‌స్పాట్ పేరే కనిపించకపోతే కంగారు పడకండి. ఎక్కువసార్లు కారణం బ్యాండ్, అంటే వైఫై సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద పంపిస్తుంటే పాత ల్యాప్‌టాప్‌లు దాన్ని చూడలేవు. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. ఐఫోన్ 12, ఆ తర్వాత వచ్చినవాటిలో 'మాక్సిమైజ్ కంపాటిబిలిటీ' అనే స్విచ్ ఇదే పని చేస్తుంది. 2.4 గోడలు దాటి కాస్త దూరం వెళ్తుంది, వేగం తక్కువ. 5 వేగంగా ఉంటుంది, గది దాటితే బలహీనపడుతుంది. పక్కపక్కనే కూర్చుని పని చేస్తుంటే, ల్యాప్‌టాప్ కొత్తదైతే 5 పెట్టుకోండి.

కేబుల్‌తో ఇవ్వడం

నన్ను అడిగితే ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నప్పుడు కేబుల్‌ని మించింది లేదు. ఎందుకో చాలామంది దీని జోలికే పోరు. వైఫైలా మధ్యలో తెగదు, పాస్‌వర్డ్ గొడవ లేదు, పక్కింటివాళ్లకి కనిపించదు. ఫోన్ హాట్‌స్పాట్ కోసం వైఫై సిగ్నల్ పంపక్కర్లేదు కాబట్టి వేడి తక్కువ, పైగా ల్యాప్‌టాప్ నుంచి ఛార్జ్ అవుతూనే ఉంటుంది. కరెంటు లేనప్పుడు మాత్రం ఆ ఛార్జింగ్ ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచే పోతుందని గుర్తుంచుకోండి.

ముందు ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించండి. ఆ తర్వాతే 'హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్'లోకి వెళ్లండి. కేబుల్ తగిలించకముందు 'యూఎస్‌బీ టెథరింగ్' అనే స్విచ్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వదు, తగిలించాక నొక్కనిస్తుంది. ఆన్ చేయగానే విండోస్ ల్యాప్‌టాప్‌లో కింద మూల వైఫై గుర్తుకు బదులు చిన్న కంప్యూటర్ బొమ్మ వస్తుంది. ఫోన్‌ని అది ఈథర్నెట్ వైర్ లాగే చూస్తుంది. ల్యాప్‌టాప్ వైఫై ఆపేస్తే నెట్ కచ్చితంగా కేబుల్ లోంచే వస్తుంది.

కేబుల్ తగిలించినా ఆ స్విచ్ బూడిద రంగులోనే ఉంటే కేబుల్‌నే అనుమానించండి. కొన్ని చవక కేబుళ్లలో ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అలాంటి కేబుల్‌తో ఫోన్ ఛార్జ్ అవుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఫోన్ ఉన్నట్టే తెలియదు. ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్ తీసి పెట్టి చూడండి.

ఐఫోన్ అయితే తగిలించగానే 'ట్రస్ట్ దిస్ కంప్యూటర్' అని అడుగుతుంది, ఒప్పుకోవాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఐట్యూన్స్ గానీ, 'ఆపిల్ డివైసెస్' యాప్ గానీ ముందే ఉండాలి. మ్యాక్‌లో ఏమీ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని మ్యాక్‌కి కేబుల్‌తో కలపడం మాత్రం చాలా ఫోన్లతో కుదరదు, అక్కడ వైఫై హాట్‌స్పాటే మేలు.

ఈ పద్ధతిలో ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి వైఫై ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఇంటి వైఫైకి కలిపి, కేబుల్‌తో డెస్క్‌టాప్‌కి తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, ఆ వైఫైనే డెస్క్‌టాప్‌కి అందుతుంది. మొబైల్ డేటా ఒక్క ఎంబీ కూడా పోదు. కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేశాక వైఫై డ్రైవర్ (వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్) లేక నెట్ రాకపోతే, ఆ డ్రైవర్ దింపుకోవడానికి కూడా ఇదే దారి.

కేబుల్ పీకితే టెథరింగ్ ఆగిపోతుంది, మళ్లీ తగిలించినప్పుడల్లా స్విచ్ వేయాలి. రోజూ వాడేవాళ్లు ఆండ్రాయిడ్ 'డెవలపర్ ఆప్షన్స్'లో 'డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్' దగ్గర 'యూఎస్‌బీ టెథరింగ్' ఎంచుకుంటే, తగిలించగానే దానంతట అదే మొదలవుతుంది.

బ్లూటూత్ ద్వారా కూడా నెట్ ఇవ్వొచ్చు. బ్యాటరీ చాలా తక్కువ తింటుంది గానీ వేగం ఒకటి రెండు ఎంబీపీఎస్ మించదు. మెయిల్ చూసుకోవడానికి చాలు, అంతే.

డేటా కారిపోకుండా బిగించడం

ఇది మానేస్తే మిగతాదంతా చేసినా దండగే. హాట్‌స్పాట్‌కి కలపగానే, ఇంకే పనీ మొదలుపెట్టకముందు, కంప్యూటర్‌కి ఇది కొలత ఉన్న నెట్ అని చెప్పాలి.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్', తర్వాత 'వైఫై' నొక్కండి. మీ హాట్‌స్పాట్ పేరు పక్కన 'ప్రాపర్టీస్' అని ఉంటుంది, అది తెరిస్తే 'మీటర్డ్ కనెక్షన్' అనే స్విచ్ కనిపిస్తుంది. ఆన్ చేయండి. కేబుల్‌తో ఇస్తుంటే అదే స్విచ్ 'ఈథర్నెట్' కింద ఉంటుంది. దీంతో విండోస్ అప్‌డేట్లు చాలావరకు ఆగిపోతాయి, వన్‌డ్రైవ్ ఫైళ్లు ఎక్కించడం ఆపుతుంది. మరీ ముఖ్యమైన భద్రతా అప్‌డేట్లు కొన్ని అప్పుడప్పుడు వస్తాయి, వాటితో ఇబ్బంది లేదు.

ఈ సెట్టింగ్‌ని విండోస్ హాట్‌స్పాట్ పేరుతో గుర్తుంచుకుంటుంది. రేపు మీరు హాట్‌స్పాట్ పేరు మారిస్తే దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుంటుంది, స్విచ్ మళ్లీ ఆఫ్‌లోనే ఉంటుంది. అందుకే ఒక పేరు పెట్టుకుని దాన్నే ఉంచేయండి.

మ్యాక్‌లో వైఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ పక్కన 'డీటెయిల్స్' నొక్కితే 'లో డేటా మోడ్' ఉంటుంది. ఐప్యాడ్‌లో వైఫై జాబితాలో పేరు పక్కన ఉన్న 'ఐ' గుర్తు నొక్కితే అదే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో నెట్‌వర్క్ పక్కన గేర్ గుర్తులోకి వెళ్లి, నెట్‌వర్క్ యూసేజ్ దగ్గర 'ట్రీట్ యాజ్ మీటర్డ్' ఎంచుకోండి.

ట్యాబ్‌ల దగ్గర ఒక బురిడీ ఉంది. "వైఫై ఉన్నప్పుడు మాత్రమే" అని పెట్టుకున్నాం కదా అని మనం ధీమాగా ఉంటాం. ట్యాబ్ దృష్టిలో హాట్‌స్పాట్ కూడా వైఫైయే. వాట్సాప్ వీడియోలు దింపుకోవడం, ప్లే స్టోర్ యాప్‌లని అప్‌డేట్ చేయడం అప్పుడే మొదలవ్వొచ్చు. పిల్లల చేతికి ట్యాబ్ ఇచ్చే ముందు ఈ రెండూ చూసి ఆపండి.

ల్యాప్‌టాప్‌లో గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటివి ఉంటే వాటి గుర్తు మీద నొక్కి 'పాజ్' చేయండి, అవి మీటర్డ్ స్విచ్ మాట వింటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. యూట్యూబ్‌లో నాణ్యతని చేత్తో 480పీకి తగ్గించండి. పెద్ద తెర చూసి అది ఎక్కువ నాణ్యతకే వెళ్తుంది.

ఫోన్ వైపు కూడా ఒక కాపలా పెట్టొచ్చు. ఆండ్రాయిడ్ డేటా యూసేజ్‌లో 'డేటా వార్నింగ్ అండ్ లిమిట్' ఉంటుంది. కొన్ని ఫోన్లలో హాట్‌స్పాట్‌కే విడిగా పరిమితి ఉంటుంది, ఇన్ని ఎంబీలు దాటగానే అదే ఆగిపోతుంది. పావుగంట పని చేశాక ఒకసారి ఫోన్‌లో ఎంత ఖర్చయిందో చూడండి. వీడియోలు, మీటింగ్‌లు లేకుండానే ఎంబీలు వందల్లోకి వెళ్లాయంటే వెనక ఏదో లాగుతోందన్నమాట.

ఫోన్ ఎక్కడ పెట్టాలి

మధ్యలో రెండు దారులున్నాయి. టవర్ నుంచి ఫోన్‌కి ఒకటి, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంకొకటి. చాలామంది ఫోన్‌ని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకుంటారు. అక్కడ సిగ్నల్ బాగుంటే మంచిదే. లేకపోతే ఫోన్‌ని టవర్ బాగా అందే చోట, అంటే కిటికీ దగ్గరో, మేడ మీది గదిలోనో పెట్టి, మీరు నాలుగైదు మీటర్ల దూరంలో కూర్చోండి. ఇనప బీరువా, ఫ్రిజ్ మధ్యలో అడ్డం లేకుండా చూసుకోండి.

గీతలు చూసి మోసపోకండి, అంకె చూడండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, 'అబౌట్ ఫోన్', 'సిమ్ స్టేటస్'లో సిగ్నల్ స్ట్రెంగ్త్ మైనస్ అంకెలో ఉంటుంది. సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మంచిది. మైనస్ 90 దగ్గర ఉంటే హాయిగా పని చేసుకోవచ్చు, మైనస్ 115 అయితే మీటింగ్ నిలవదు. ఫోన్ పట్టుకుని ఇంట్లో నాలుగు మూలలా తిరిగి ఈ అంకె రాసుకోండి. మా ఊరి ఇంట్లో నడిమి గదిలో మైనస్ 112 ఉంటే, వెనక వసారా కిటికీ గూట్లో మైనస్ 94 వచ్చింది. ఆ గూడే ఇప్పుడు ఫోన్ చోటు.

నెట్ నెమ్మదిస్తే ముందు ఫోన్‌లోనే ఒక పేజీ తెరిచి చూడండి. ఫోన్‌లో కూడా నెమ్మదిగా ఉంటే లోపం టవర్ వైపుంది, చోటు మార్చాలి. ఫోన్‌లో చకచకా వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతే కేబుల్ పెట్టండి, లేదా బ్యాండ్ మార్చండి. 5జీ వస్తూ పోతూ ఉండే చోట నెట్‌వర్క్ టైప్‌ని 4జీకి కట్టేస్తే వేగం కొంత తగ్గినా తెగకుండా నడుస్తుంది.

వేడి గురించి కూడా చెప్పాలి. ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో మే నెల మధ్యాహ్నం ఆ మాట ఎక్కడ నిలుస్తుంది? హాట్‌స్పాట్ నడుస్తున్న ఫోన్‌కి వెనక కవర్ తీసేయండి, ఎండ పడే కిటికీలో పెట్టకండి, పరుపు మీద, దిండు కింద అసలే వద్దు. ఫాస్ట్ ఛార్జింగ్‌తో పాటు హాట్‌స్పాట్ నడిపితే వేడి ఇంకా పెరుగుతుంది, ఫోన్ దానంతట అదే వేగం తగ్గించుకుంటుంది.

కలిసింది గానీ నెట్ రావడం లేదా?

హాట్‌స్పాట్ స్విచ్ నొక్కనివ్వకపోతే ఫోన్‌లో 'డేటా సేవర్' ఆన్‌లో ఉండొచ్చు, ఆపండి. కాసేపటికే హాట్‌స్పాట్ తనంతట తాను ఆగిపోతుంటే 'టర్న్ ఆఫ్ ఆటోమేటికల్లీ' అనేది తీసేయండి. ఐఫోన్‌లో మొదటి పరికరం కలిసేదాకా పర్సనల్ హాట్‌స్పాట్ తెర మీదే ఉండండి.

ఫోన్‌లో నెట్ వస్తూ, ల్యాప్‌టాప్ కలిసినట్టు చూపిస్తూ పేజీలు రాకపోతే, ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఉంటే ఆపి చూడండి. తర్వాత ఫోన్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'యాక్సెస్ పాయింట్ నేమ్స్' (ఏపీఎన్) తెరిచి 'రీసెట్ టు డిఫాల్ట్' నొక్కండి. ఇంకా కుదరకపోతే అదే చోట 'ఏపీఎన్ టైప్'లో ఉన్నదాని చివర కామా పెట్టి డి, యు, ఎన్ అనే మూడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు ఖాళీ లేకుండా చేర్చి సేవ్ చేయండి. కొన్ని ఫోన్లలో ఇది లేకపోతే నెట్ బయటికి ఇవ్వదు.

రెండు సిమ్‌ల ఫోన్‌లో ఇంకో చిక్కు. డేటా ఒక సిమ్ మీద ఉండి, కాల్ ఇంకో సిమ్‌కి వస్తే, చాలా ఫోన్లలో మాట్లాడినంతసేపూ నెట్ ఆగిపోతుంది. ముఖ్యమైన మీటింగ్ లేదా ఆన్‌లైన్ పరీక్ష ఉంటే ఆ రెండో సిమ్‌ని కాసేపు ఆఫ్ చేయండి, లేదా దానికి వచ్చే కాల్స్‌ని డేటా సిమ్ నంబరుకి ఫార్వర్డ్ చేసి పెట్టండి.

పని అవగానే హాట్‌స్పాట్ ఆపేయండి. ఆపే ముందు ఎన్ని పరికరాలు కలిసి ఉన్నాయో అదే తెర మీద చూడండి. మీకు తెలియనిది ఒక్కటి ఉన్నా పాస్‌వర్డ్ అప్పుడే మార్చండి, పేరు మాత్రం కదపకండి.